‘బంగారం’ సరే, జవాబేదీ?

“ప్రేమగా పిలిచినా తప్పేనా అక్కా?” అని మా తమ్ముడు ఫోన్‌లో అడిగాడు. అమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారం అది. అక్కడ ఒక నర్సు అమ్మని ‘బంగారం’, ‘బుజ్జీ’ అని పిలవడం నాకు నచ్చలేదని చెప్తే వాడికి ఆశ్చర్యం వేసింది. కసురుకునే నర్సుల గురించి విన్నాం, పిలిచినా పలకని నర్సుల గురించి విన్నాం, ముద్దుగా మాట్లాడే అమ్మాయి దొరికితే దానికి కూడా వంక పెడతావేంటి అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. అందుకే ఆ పూట సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ముద్దుగా పిలిస్తే ఒక్కోసారి ప్రాణం లేచొస్తుంది, ఒక్కోసారి మనసు చివుక్కుమంటుంది. ఎందుకని?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ముద్దు మాట కొసరులా రావాలి. ఇవ్వాల్సిన అసలు ఇచ్చాక, ఆ పైన కొసరు ఎవరు వేసినా సంతోషంగా తీసుకోవచ్చు. అసలు ఎగ్గొట్టి కొసరు మాత్రమే చేతిలో పెడితే దాన్ని ప్రేమ అనుకోమనడం అన్యాయం.

వరస కలపడం మనకి కొత్తా?

పరాయివాళ్ళు ఆప్యాయంగా పలకరిస్తే ఉలిక్కిపడే ఊళ్ళో పెరిగినదాన్ని కాదు నేను. మాది కొవ్వూరు దగ్గర పల్లె. బస్సులో పక్కన కూర్చున్నావిడ “ఎవరమ్మాయివి తల్లీ” అని మొదలుపెట్టి, దిగేలోపు పిన్నో అత్తో అయిపోయేది. హైదరాబాద్ వచ్చాక బిడ్డా, అక్కా, కాకా అలవాటయ్యాయి. మా ఆఫీసు సెక్యూరిటీ ఆయనది అనంతపురం. చిన్నా పెద్దా తేడా లేకుండా అందరినీ ‘నాయనా’ అంటాడు. ఎదుటి మనిషిని వరస పెట్టకుండా పిలవడమే మనకి కష్టం. పేరు పెట్టి పిలిస్తే పొగరు, ‘ఏవండీ’ అంటే దూరం, ‘మేడమ్’ అంటే ఇంకా దూరం.

మెహదీపట్నం రైతు బజార్లో నేను ఆకుకూరలు కొనే ఆవిడ ఉంది. నా పేరు ఆమెకి తెలీదు, ఆమె పేరు నాకు తెలీదు. నన్ను ‘బిడ్డా’ అంటుంది. నాకేమీ ఇబ్బంది లేదు. ఒకరోజు పాలకూర మీద చెయ్యి వేస్తే, “అది తీస్కోకు బిడ్డా, నిన్నటిది. గోంగూర తీస్కపో” అంది. సరుకు ఎలాంటిదో ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ తర్వాత రెండు రెబ్బలు కరివేపాకు సంచిలో పడేసింది. ఆమె నోట ‘బిడ్డా’ నాకు ఎందుకు బాగుంటుందో ఆ రోజు అర్థమైంది. బిడ్డ అన్నాక నిన్నటి పాలకూర అంటగట్టకూడదని ఆమెకి తెలుసు. వరస కలిపినవాళ్ళు ఆ వరస బరువు కూడా మొయ్యాలి.

ఈ బరువు సంగతి రాజకీయాల్లో ఇంకా బాగా కనిపిస్తుంది. మన దగ్గర నాయకులందరూ అన్నలే, అక్కలే. ఓట్ల ముందు ఊరూరా అక్కచెల్లెమ్మలు, అవ్వాతాతలు మోగిపోతారు. చాలావరకు అది గాలికి పోయే మాటే. కానీ ఒక్క ఉదాహరణ మాత్రం నేను మర్చిపోను. ఎన్టీ రామారావు ఆడవాళ్ళని ‘తెలుగింటి ఆడపడుచులు’ అని పిలిచిన మనిషి, జనం ఆయన్ని ‘అన్నగారు’ అన్నారు. ఆయన ప్రభుత్వమే హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి, 1985 సెప్టెంబర్ 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు. ఆయన రాజకీయాల మీద ఎవరికి ఏ అభిప్రాయమైనా ఉండొచ్చు. ఆడపడుచు అన్నాక వాటా మాట కూడా ఎత్తాలని మాత్రం ఆ చట్టం గుర్తుపెట్టుకుంది. అప్పటికే పెళ్ళయిపోయినవాళ్ళకి ఆ సవరణ వర్తించలేదు, మా అమ్మ అందులో ఒకరు. అది వేరే కథ.

పసుపు మాత్ర

ఇక ఆసుపత్రి సంగతి. అమ్మకి డెబ్భై మూడేళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయింది. బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. హైదరాబాద్‌లో పేరున్న ప్రైవేటు ఆసుపత్రి. వైద్యం బాగా చేశారు, అందులో సందేహం లేదు.

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున్నే ఒక నర్సు వచ్చింది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. చేతిలో స్టీలు ట్రే, అందులో చిన్న ప్లాస్టిక్ కప్పు, కప్పులో మూడు మాత్రలు. “గుడ్ మార్నింగ్ బంగారం! నోరు తెరువు, ఆ...” అంది. నిజంగానే నవ్వు మొహంతో అంది. అమ్మ కప్పు తన చేతిలోకి తీసుకుని, ఒక్కో మాత్రనీ వేలితో పక్కకి జరిపి చూసింది. తెల్లవి రెండూ ఆవిడకి తెలిసినవే. మూడోది పసుపు రంగుది. “ఇదేంటండీ, నిన్న ఇవ్వలేదు కదా, దేనికిది?” అని అడిగింది.

“ఏం కాదు బుజ్జీ, మంచిదే. మంచి పిల్లవి కదా, మింగేయ్.”

అమ్మ నా వైపు చూసింది. తర్వాత మింగేసింది. నర్సు అమ్మ బుగ్గ మీద చిన్నగా తట్టి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

డెబ్భై మూడేళ్ళావిడ ‘అండీ’ అంది, ఇరవై మూడేళ్ళ అమ్మాయి ‘మింగేయ్’ అంది. నాకు ఒళ్ళు మండింది. కానీ కాసేపటికి చూస్తే, నా కోపానికీ అమ్మ బాధకీ పొంతన లేదు. ఆవిడ ‘బంగారం’ గురించి ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం పడుకోబోయే ముందు, “ఆ పసుపు మాత్ర ఏంటో కనుక్కోవే” అంది. రాత్రి మళ్ళీ అదే అడిగింది. డ్యూటీ డాక్టర్ రౌండుకి వచ్చినప్పుడు అడిగాను. గ్యాస్ పట్టకుండా ఇచ్చే మాత్ర. మిగతా మందులు కడుపులో మంట పుట్టించకుండా పరగడుపున వేస్తారట. ఒక్క వాక్యంలో తేలిపోయే జవాబు. ఆ జవాబు కోసం మా అమ్మ పొద్దుట్నుంచి రాత్రి దాకా టెన్షన్ పడింది.

అక్కడే ఆ వార్డులోనే ఒక ఆయమ్మ ఉండేది. పాలమూరు వైపు మనిషి. అమ్మని ‘అవ్వా’ అనేది, ‘నువ్వు’ అనేది. తెలంగాణ మాటలో అది సహజం, అందులో మర్యాద తక్కువేమీ లేదని గోదావరి జిల్లావాళ్ళం అర్థం చేసుకోవడానికి కొంత టైం పడుతుంది. “అవ్వా, ఇప్పుడు నిన్ను కుడిపక్కకు మలుపుతున్న. నొస్తే చెప్పు, ఆగుత” అనేది. ముందు మాట, తర్వాత చెయ్యి. దుప్పటి తియ్యబోయే ముందు కూడా “దుప్పటి తీస్తున్న” అని చెప్పి, కర్టెన్ లాగి, అప్పుడు తీసేది. అమ్మ ఇద్దరి దగ్గరా ‘నువ్వు’ అనిపించుకుంది. ఒకరి దగ్గర ముడుచుకుపోయింది, ఇంకొకరి కోసం ఎదురుచూసింది. కాబట్టి ఇది మీరు–నువ్వుల గొడవ కాదు. మర్యాద రూపాలు పట్టుకుని వేలాడితే ఈ విషయం అంతుపట్టదు.

పెద్దవాళ్ళని పసిపిల్లల్లా పలకరించే ఈ తీరుకి ఇంగ్లీషులో ‘ఎల్డర్‌స్పీక్’ అనే పేరుంది. స్వీటీ, హనీ లాంటి పిలుపులు, సాగదీసిన గొంతు, అతి చిన్న వాక్యాలు దాని లక్షణాలు. మతిమరుపు జబ్బున్న వృద్ధులతో నర్సింగ్ హోముల్లో సిబ్బంది ఎలా మాట్లాడుతున్నారో కాన్సస్ యూనివర్సిటీ వాళ్ళు వీడియోలు తీసి పరిశీలించారు. 2009లో అచ్చయిన ఆ పరిశోధనలో తేలింది ఏంటంటే, ఇలా పసిపిల్లల భాషలో మాట్లాడినప్పుడు ఆ పెద్దవాళ్ళు ఎక్కువగా మొరాయించారు. మామూలుగా మాట్లాడినప్పుడు అంత మొరాయింపు లేదు. పేర్లు, రోజులు గుర్తులేని మనుషులకి కూడా తమని చిన్నబుచ్చుతున్న సంగతి తెలుస్తూనే ఉందన్నమాట. మా అమ్మకైతే పదిహేడో ఎక్కం ఇప్పటికీ తడుముకోకుండా వచ్చు.

ఆ అమ్మాయి వైపు నుంచి

ఆ నర్సుని విలన్‌ని చెయ్యడం నా ఉద్దేశం కాదు. రాత్రి డ్యూటీ మీద డ్యూటీ చేసి, ఒక్కతే అన్ని మంచాలు చూసుకుంటూ, చాలీచాలని జీతంతో బతికే పిల్ల. ప్రతి మంచం దగ్గరా ఇద్దరు బంధువులు నిలబడి ప్రశ్నలేస్తారు. ‘బంగారం’ ఆ అమ్మాయి దగ్గర ఖర్చు లేకుండా ఇవ్వగలిగిన ఒకే ఒక్క వస్తువు. పక్క మంచం పేషెంటు కొడుకు ఆమెని “ఏయ్ సిస్టర్, ఎన్నిసార్లు పిలవాలి?” అని అరవడం నేను విన్నాను. క్రైస్తవ సన్యాసినులు రోగుల సేవ చేసిన రోజుల నుంచి వచ్చిన గౌరవం ఆ ‘సిస్టర్’. ఇప్పుడు దాని ముందు ‘ఏయ్’ చేరింది. మేనేజ్‌మెంటు ఇంకో ఇద్దరు నర్సుల్ని పెట్టి ఉంటే, ఆ అమ్మాయికి పసుపు మాత్ర గురించి చెప్పే తీరిక ఉండేదేమో. మనుషుల్ని తగ్గించి, ఆ లోటుని నవ్వుతో, ముద్దు మాటలతో పూడ్చమని పిల్లల మీద వదిలేస్తే, చివరికి ఇటు పేషెంటు, అటు నర్సు ఇద్దరూ మోసపోతారు.

ఇంకో అనుమానం నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. నా మొదటి కాన్పు కష్టమైంది. నొప్పులు పడుతున్న ఆ రాత్రి, పేరు కూడా తెలియని ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని “అయిపోయింది కన్నా, అయిపోయింది నా తల్లి” అంటూనే ఉంది. ఏమీ అయిపోలేదు, ఇంకా చాలాసేపు పట్టింది. నిజం చెప్పలేదు, వివరం చెప్పలేదు. అయినా ఆవిడ గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. మరి నా లెక్క ప్రకారం అది కూడా తప్పేనా? కాదు. నేను అప్పుడు ఏమీ అడగట్లేదు. నాకు ఒక చెయ్యి కావాలి, ఆవిడ ఇచ్చింది. ఆ క్షణంలో కన్నా, తల్లీ అన్నవే అసలు. మా అమ్మ అలా లేదు. స్థిమితంగా కూర్చుని, చక్కగా ఒక ప్రశ్న అడిగింది. భయంలో ఉన్న మనిషికి చెప్పే ఓదార్పుని, ప్రశ్న అడిగిన మనిషి మీద ప్రయోగిస్తే అది నోరు మూయించడమే అవుతుంది.

తిరిగి అనగలమా?

మన భాషలో ఇంకో చిక్కుంది. బాగా చనువున్నవాళ్ళని పిలిచే రూపం, బాగా చిన్నచూపు ఉన్నవాళ్ళని పిలిచే రూపం మనకి ఒకటే. ప్రాణ స్నేహితుణ్ణి ‘ఒరేయ్’ అంటాం. నా చిన్నప్పుడు మా ఊళ్ళో పదేళ్ళ కుర్రాడు అరవయ్యేళ్ళ పాలేరుని కూడా ‘ఒరేయ్’ అనేవాడు. ఆ ముసలాయన ఆ కుర్రాణ్ణి ‘చినబాబుగారూ’ అనేవాడు. కులం ముందు వయసు లెక్కలోకి వచ్చేది కాదు. తోటి కుర్రాళ్ళతో గోళీలాడేటప్పుడు ఆ పిల్లాడి నోట వచ్చే ‘ఒరేయ్’కి ఎదురు ‘ఒరేయ్’ వచ్చేది. ముసలాయన దగ్గర రాదు. తేడా అంతా అక్కడుంది.

అందుకే బయటివాళ్ళు చనువుగా పిలిచినప్పుడు నేను ఒకటి చూసుకుంటాను. అదే మాట నేను తిరిగి అనగలనా? ఆకుకూరలావిడ బిడ్డా అంటే నేను అమ్మా అంటాను, సరిపోతుంది. ఆయమ్మ అవ్వా అంటే మా అమ్మ “ఏమ్మా, తిన్నావా” అంటుంది. ప్రభాస్ తోటి నటుల్నీ అభిమానుల్నీ డార్లింగ్ అంటాడు, వాళ్ళూ ఆయన్ని డార్లింగ్ అనే అంటారు. ఆ మాట అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి ఎవరికీ గుచ్చుకోదు. అదే ఒక ఆఫీసులో ఫైలు పట్టుకుని నిలబడ్డ ఆడమనిషిని అవతల కుర్చీలో కూర్చున్నాయన “రేపు రా తల్లీ” అంటే, ఆవిడ “అలాగే నాన్నా” అనగలదా? డాక్టర్ గారు రిపోర్టు మీదనుంచి తలెత్తకుండా “అవన్నీ నీకెందుకమ్మా, నేను చూసుకుంటాగా” అంటే, “మీరు చూసుకోండి బంగారం, నాకూ చెప్పండి” అనగలమా?

ఇలాంటి ముద్దు మాటే వీధిలో మగవాడు ఆడపిల్లని అంటే విషయం ఇంకా తేలిక, ఎందుకంటే అక్కడ సందేహానికి చోటు లేదు. అండమాన్‌లో తాగి ఉన్న ఒకతను డ్యూటీలో ఉన్న మహిళా కానిస్టేబుల్‌ని ‘ఏం డార్లింగ్, చలాన్ రాయడానికొచ్చావా’ అన్న ధోరణిలో మాట్లాడాడు. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళని అలా పిలవడం ఐపీసీ 354ఎ కింద లైంగిక వేధింపేనని కలకత్తా హైకోర్టు 2024లో చెప్పింది. శిక్షని మూడు నెలల నుంచి నెలకి తగ్గించినా నేరం మాత్రం నేరమేనంది. అప్పట్లో నాకు తెలిసిన కొందరు మగవాళ్ళు ‘ఇక నోరు విప్పకూడదన్నమాట’ అని తెగ బాధపడ్డారు. వాళ్ళలో ఒక్కరు కూడా దారిన పోయే మగ ఎస్సైని డార్లింగ్ అని చూసినవాళ్ళు కాదు. ఎవరిని అనొచ్చో, ఎవరిని అనకూడదో వాళ్ళకి బాగానే తెలుసు.

ఆన్‌లైన్‌లో చీరలమ్మేవాళ్ళ ‘డియర్’, ‘సిస్’, ‘బంగారం’ మాత్రం నన్ను పెద్దగా బాధించవు. అమ్మకం మాట అని అందరికీ తెలుసు. ‘డియర్, కలర్ పోతుందా?’ అని అడిగితే ‘పోదు డియర్’ అని జవాబొస్తుంది. పోతే మళ్ళీ వాళ్ళ దగ్గర కొనం.

ఒంటరిగా ఉన్నవాళ్ళ సంగతి

మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాట్‌లో ఒక పెద్దాయన ఒక్కరే ఉంటారు. పిల్లలిద్దరూ అమెరికాలో. మందుల షాపు కుర్రాడు నెలనెలా మాత్రలు తెచ్చిస్తూ ఆయన్ని ‘నాన్నా’ అంటాడు. యాప్‌లో ఆర్డర్ పెడితే తక్కువకొస్తాయి కదండీ అని నేనొకసారి అంటే, “యాప్ నన్ను నాన్నా అనదు కదమ్మా” అన్నారు. నాకు నోట మాట రాలేదు. రోజంతా ఎవరూ పలకరించని ఇంట్లో ఆ ఒక్క పిలుపు ఎంత ఆకలి తీరుస్తుందో నాకేం తెలుసు! నా అభ్యంతరాలన్నీ పక్కన మనుషులు ఉన్నదాని అభ్యంతరాలేమో అని కూడా అనిపించింది.

కానీ ఆ కుర్రాడు నాన్నా అని ఊరుకోడు. గుమ్మంలో నిలబడి అట్టల మీద పెన్నుతో పొద్దున, రాత్రి అని రాస్తాడు. “కంపెనీ మారింది నాన్నా, మందు అదే, కంగారుపడకండి” అని ఆయన అడక్కముందే చెప్తాడు. ఈ పెద్దాయన్ని చూశాక ముద్దు పిలుపులు మానెయ్యమని ఎవరికీ చెప్పలేను. చెప్పను కూడా. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, కరుకు మాటలతో నిండిపోయిన ఈ ఊళ్ళో మంచి నోరుని వద్దనే హక్కు నాకు లేదు. ఆ పిలుపుతో పాటు ఇవ్వాల్సింది ఇమ్మనే నేను అడిగేది.

ఆసుపత్రుల్లో అది అంత కష్టమేమీ కాదు. కేట్ గ్రేంజర్ అని ఇంగ్లండ్‌లో ఒక డాక్టరు ఉండేది. ఆమెకే క్యాన్సర్ వచ్చి పేషెంటుగా పడుకున్నప్పుడు, దగ్గరికొచ్చిన సిబ్బందిలో చాలామంది తమ పేరు కూడా చెప్పట్లేదని గమనించింది. 2013లో ‘హలో, నా పేరు ఫలానా’ అని చెప్పి మొదలుపెట్టండి చాలు అంటూ ఒక ప్రచారం నడిపింది. 2016లో చనిపోయేనాటికి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులెన్నో ఆ అలవాటు చేసుకున్నాయి. ఖర్చు లేదు, యంత్రాలక్కర్లేదు. పేరు చెప్పిన మనిషి దగ్గర ప్రశ్న అడగడం పేషెంటుకి సులువవుతుంది, అడిగిన ప్రశ్నని దాటెయ్యడం ఆ మనిషికి కష్టమవుతుంది. మా అమ్మ ఫైల్లో ఇన్సూరెన్స్ నంబరుకి రెండు చోట్ల గడులున్నాయి. ఈ మనిషిని ఏమని పిలవాలి అన్నదానికి ఎక్కడా గడి లేదు.

వచ్చే నెల అమ్మకి మళ్ళీ ఎక్స్‌రే తియ్యాలి. అవసరమైతే ఒకట్రెండు రోజులు ఉంచుకుంటామన్నారు. అందుకని ఫైలు మొదటి పేజీ మీద నేనే మార్కర్‌తో రాశాను: ‘టీచర్ గారు అని పిలవండి. ఏ మందు ఇస్తున్నా అది ఎందుకో చెప్పండి.’ అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. పెన్ను అడిగి తీసుకుని, మొదటి వాక్యం కొట్టేసి, రెండో వాక్యం కింద గీత గీసింది.